లైట్ హౌసెక్కిన ఆపరేటరు

ముందుగానే చెప్పేస్తున్నాను. ఈ వారం ఈ పేజీలో ఏ హీరో ఏ కొత్త చిత్రానికి సంతకం చేశాడో, ఏ హీరోయిన్ ఎవరిమీద అలిగిందో ఆ కబుర్లేవీ లేవు. అవే కావాలనుకున్నవాళ్ళు పేజీ తిప్పేసినా నేనేమీ అనుకోను. వెళ్ళబోయేముందు ఒక్క ప్రశ్న మాత్రం. సినిమా చూస్తూ మీరెప్పుడైనా వెనక్కి తిరిగి చూశారా?

వెనక గోడలో చిన్న కిటికీ ఉంటుంది. అందులోంచి వెలుతురు బద్దలా వచ్చి మన నెత్తిమీదుగా తెరమీదికి పోతుంది. బీడీ పొగ, సిగరెట్టు పొగ అందులో సుళ్ళు తిరిగే రోజులు కూడా ఉండేవి. ఆ కిటికీ వెనక ఒక మనిషుంటాడు. మాట ఆగినా, బొమ్మ ఆగినా మనం కేకలు పెట్టేది ఆ మనిషి మీదే. బొమ్మ సాఫీగా నడిచినన్నాళ్ళూ అతనున్నాడన్న సంగతే మనకు గుర్తుండదు.

39 ఏళ్ళపాటు అలాంటి ఒక కిటికీ వెనక నిలబడ్డవాడు మా నాన్న.

మాది నస్రుల్లాబాద్. కామారెడ్డి జిల్లాలో, బాన్సువాడ పక్కన. 2016లో మండల కేంద్రమైందిగానీ అంతకుముందు మా ఊరి పేరు చెబితే "అదెక్కడ?" అని అడిగేవాళ్ళే ఎక్కువ. 1972లో నాన్న ఒక టూరింగ్ టాకీసులో ఫిల్ము పెట్టెలు మోసే కుర్రాడిగా చేరాడు. మోస్తూ మోస్తూ మిషను తుడవటం నేర్చాడు, తుడుస్తూ తుడుస్తూ ఆడించటం నేర్చాడు. తరువాత టౌన్లో పక్కా థియేటరుకు మారాడు. 2011లో అక్కడ డిజిటల్ మిషను పెట్టారు. "ఇంక మీ పని లేదు" అన్నారు. ఒక తువ్వాలు, టిఫిను డబ్బా, ఒక పాత లెన్సు పట్టుకుని నాన్న ఇంటికొచ్చేశాడు. ఆ రాత్రి అన్నం తినలేదు.

రెండేళ్ళ కిందట ఆయన కుడికన్ను మసకబారింది. గ్లకోమా అన్నారు డాక్టరుగారు. పోయిన చూపు రాదనీ, ఎడమకంట్లో ఉన్నది కాపాడుకోవాలంటే మందు చుక్కలు మానకూడదనీ చెప్పారు. ఆస్పత్రి నుంచి వస్తుంటే బస్సులో నాన్న ఉన్నట్టుండి అడిగాడు.

"సముద్రం సూపెడ్తవారా?"

మాకు పెద్ద నీళ్ళంటే నిజాంసాగరే. మంజీర మీద 1923లో మొదలుపెట్టి 1931కి పూర్తిచేసిన ప్రాజెక్టు. దాని కాలువ నీళ్ళతోనే మా వరి. వానాకాలంలో ఆ నీళ్ళు చూసి ఇదే సముద్రమనుకునేవాళ్ళం చిన్నప్పుడు. నాన్న మాత్రం అసలు సముద్రాన్ని కొన్ని వందల ఆటలు చూశాడు. చూశాడంటే... ఆడించాడు!

"ఏ సముద్రం చూడాలి నాన్నా?" అన్నాను.

"మరో చరిత్రల ఉన్నదే, గది. అట్లనే సముద్రం ఒడ్డుకు పెద్ద లైటుంటదంట కద... అది ఒకపారి దగ్గర్కెల్లి సూడాలె."

అదీ సంగతి. ఆయనకు సముద్రం కావాలి, లైట్ హౌసు కావాలి. నాకేమో పాత కళాకారుల ఇళ్ళ పిచ్చి. ఏ ఊరెళ్ళినా "ఇక్కడ ఎవరి ఇల్లుంది?" అని అడిగే రకం. రెండూ కలిపి ఒక ప్రయాణం కట్టాను.

రైలెక్కేముందు

కామారెడ్డిలో బండెక్కి హైదరాబాద్‌లో దిగాం. గోదావరి ఎక్స్‌ప్రెస్ సాయంత్రానిగ్గానీ లేదు. నాంపల్లి స్టేషన్‌కు దగ్గర్లోనే ఆబిడ్స్. నాన్నను ఆటోలో ఎక్కించి గోల్డెన్ త్రెషోల్డ్ దగ్గరికి తీసుకెళ్ళాను. సరోజినీ నాయుడి పుట్టింటివాళ్ళ ఇల్లది. ఆవిడ తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయ ఉన్న ఇల్లు. 1905లో వచ్చిన ఆవిడ తొలి ప్రసిద్ధ కవితా సంపుటి పేరే ఇంటికీ ఉంది. ఆవిడ కూతురు పద్మజా నాయుడు ఆ ఇంటిని చదువుకోసం ఇచ్చేస్తే, 1974లో హైదరాబాదు యూనివర్సిటీ మొదట ఆ గడపలోనే పుట్టింది.

నాన్న గేటు దగ్గర నిలబడి లోపలికి తొంగిచూశాడు. "అమ్ముకుంటే ఎన్ని పైసలొస్తుండె!" అన్నాడు. వెక్కిరింపుగా కాదు. నిజంగానే ఆశ్చర్యపోయి.

ఆ మాట నాకెక్కడో గుచ్చుకుంది. ఎందుకో చివర్లో చెబుతాను.

ఇద్దరు ఆపరేటర్లు

తెల్లారేసరికి విశాఖపట్నం. హార్బరు పక్కన సముద్రంలోకి చొచ్చుకుపోయిన కొండకు డాల్ఫిన్స్ నోస్ అని పేరు. చూస్తే నిజంగానే చేప ముక్కులా ఉంటుంది. 1933లో తెరిచిన హార్బరుకు ఈ కొండే గొడుగు. తుపాను గాలిని అడ్డుకుంటుంది. దాని మీద 1957 నుంచి లైట్ హౌసుంది. సింధియా జంక్షన్ దాటి, యారాడ వెళ్ళే కొండదారి పట్టాలి. నేవీ వాళ్ళ ప్రాంతం గనక గుర్తింపు కార్డులు దగ్గరుంచుకోవాలి. మేం వెళ్ళింది సాయంత్రం పూట.

మెట్లు ఎక్కేటప్పుడు నాన్న చెయ్యి పట్టుకోబోయాను. విదిలించుకున్నాడు. "క్యాబిన్‌కు పోయే మెట్లు గింతకన్న ఇరుకుంటుండె" అన్నాడు.

పైన దీపం గది. మధ్యలో నిలువెత్తు గాజు లెన్సు, చుట్టూ కిటికీలకు తెరలు దించి ఉన్నాయి. అక్కడ డ్యూటీలో ఉన్నాయన నవ్వుతూ వివరించబోయాడు. "పగలు తెరలెందుకు దించుతామంటే..."

"ఎండ లెన్సులకెల్లి పోయి మంట లేస్తది" అన్నాడు నాన్న.

ఆయన నవ్వు ఆపి నాన్నను ఎగాదిగా చూశాడు. "మీరేం చేసేవారండీ?"

"నేను ఆపరేటర్ని సార్. సిన్మా ఆపరేటర్ని."

అంతే! ఇంక నా అవసరం లేకపోయింది. ఇద్దరూ ఆ లెన్సు చుట్టూ ప్రదక్షిణలు మొదలుపెట్టారు. బల్బు ఎన్ని వాట్లు? పోతే ఎట్లా? ఒకటి పోతే వెలగటానికి ఇంకోటి సిద్ధంగా ఉంటుందట. కరెంటు పోతే? జనరేటరుంటుందట. లెన్సు దేంతో తుడుస్తారు? ఎన్నాళ్ళకోసారి? నాన్న అడుగుతుంటే ఆయన వరసగా చెబుతున్నాడు.

ఈ గాజు గురించి మీకూ కాస్త చెప్పాలి. ఫ్రాన్సులో ఫ్రెనెల్ అనే ఇంజనీరు 200 ఏళ్ళ కిందట కనిపెట్టిన పద్ధతిది. మామూలు లెన్సు అంత పెద్దది చేస్తే బరువుకు బురుజే కుంగుతుంది. అందుకని గాజును రింగులు రింగులుగా కోసి, మెట్లు మెట్లుగా పేర్చాడు. నాలుగు దిక్కులా చెదిరిపోయే వెలుగంతా ఈ గాజు రింగుల్లో పడి ఒక్క కట్టగా సముద్రం మీదికి పోతుంది. 1823లో ఫ్రాన్సులోని కోర్దువాన్ లైట్ హౌసులో మొదటిసారి వెలిగించారు. విశాఖ దీపం 60 కిలోమీటర్లు పైబడిన దూరానికి కూడా కనిపిస్తుందంటే ఆ గాజు చలవే.

ఇంకో విశేషం. ఏ రెండు పొరుగు దీపాలూ ఒకేలా వెలగవు. ఒకటి ఇన్ని సెకన్లకు ఒకసారి మెరిస్తే, ఇంకొకటి గబగబా రెండుసార్లు మెరిసి ఆగుతుంది. ఓడలో ఉన్నవాడు సెకన్లు లెక్కపెట్టి, పుస్తకంలో చూసుకుని "ఇది ఫలానా ఊరు" అని గుర్తుపడతాడు. తెరమీద మొహం కనిపించకముందే నడకను బట్టి మనం హీరోను గుర్తుపట్టి ఈల వెయ్యటం లేదూ? అలాగన్నమాట.

"మరి మీ మిషను సంగతేమిటండీ?" అని ఈసారి ఆయన అడిగాడు.

నాన్నకు అలా అడిగినవాళ్ళే లేరు. వెన్ను నిటారు చేసుకుని చెప్పాడు. రెండు కార్బన్ కడ్డీలు ఎదురెదురుగా పెట్టి కరెంటిస్తే మధ్యలో పుట్టే మంటే దీపం. దాన్ని ఉత్త కంటితో చూడకూడదు, నల్లద్దంలోంచి చూడాలి. కడ్డీలు కాలుతున్నకొద్దీ ఎడం పెరక్కుండా జరుపుతూ ఉండాలి, లేకపోతే దీపం ఆరిపోతుంది. వెనక పుటాకారపు అద్దం, ముందు లెన్సు. మధ్యలోంచి నిమిషానికి 90 అడుగుల ఫిల్ము పోతుంటుంది. రీలు ఇంకాసేపట్లో అయిపోతుందనగా తెరమీద కుడివైపు పైమూల ఒక చుక్క పడుతుంది. అది పడగానే రెండో మిషను మోటారు వెయ్యాలి. మళ్ళీ చుక్క పడగానే దీన్ని మూసి దాన్ని తెరవాలి. జనానికి ఆ అతుకు తెలియకూడదు. టూరింగ్ టాకీసులో అయితే మిషను ఒక్కటే. రీలు మార్చినప్పుడల్లా లైట్లు వెయ్యాల్సిందే, సోడాలవాడికి పండగే!

ఆయన చాలాసేపు విని అన్నాడు. "మాకూ అంతేనండీ. ఓడవాళ్ళెవరూ వచ్చి బాగా వెలిగించారని చెప్పరు. వెలక్కపోతే మాత్రం క్షణాల్లో అడుగుతారు."

"మాకు గంతే సార్! బొమ్మ మంచిగ నడిస్తే ఈలలు హీరోకు. కార్బన్ ఆరితే తిట్లు మాకు."

ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నవ్వారు. నిజాముబాదు యాసా, ఉత్తరాంధ్ర యాసా. ఉద్యోగం మాత్రం ఒక్కటే.

బయటికొచ్చి వరండాలో నిలబడ్డాం. కింద సముద్రం. నాన్న ఎడమకన్ను మూసి కుడికంటితో చూశాడు. తరువాత కుడికన్ను మూసి ఎడమకంటితో చూశాడు. నేనేమీ అడగలేదు. కాసేపయ్యాక తనే అన్నాడు, "ఒక మిషను ఖరాబైంది. ఇంకోటి నడుస్తున్నది. ఆట ఆగది తియ్యి."

తెలుపు నలుపు సముద్రం

మర్నాడు భీమిలి. విశాఖ నుంచి సముద్రం ఒడ్డునే రోడ్డు. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు, ఒకప్పుడు డచ్చివాళ్ళు వర్తకం చేసిన రేవు. వాళ్ళ సమాధులింకా ఉన్నాయి. ఒడ్డున తెల్లటి పాత లైట్ హౌసు కూడా ఉంది.

1978లో బాలచందర్ తీసిన "మరో చరిత్ర"కు విశాఖ, భీమిలి తీరాలే పెద్ద సెట్టు. కమల్‌హాసన్ కుర్రాడు, సరిత కొత్తమ్మాయి. రంగుల చిత్రాలు జోరుగా వస్తున్న కాలంలో తెలుపు నలుపుల్లో తీసి గెలిచిన చిత్రం. నాన్న దాన్ని టెంటుల్లో ఎన్నిసార్లు ఆడించాడో ఆయనకే లెక్కలేదు.

ఇసకలో చెప్పులు విడిచి, పంచె పైకి దోపుకుని, మోకాళ్ళ దాకా దిగాడు. అల వచ్చి కొడితే చిన్నపిల్లాడిలా వెనక్కి గెంతాడు. ఒడ్డుకొచ్చాక అన్నాడు.

"నేను తెల్లగ ఉంటదనుకున్నరా. నీలం ఉన్నది."

నలభై ఏళ్ళపాటు ఆయన మనసులో ఉన్నది తెలుపు నలుపు సముద్రమే!

రాళ్ళున్నాయని చెప్పే దీపం

భీమిలి దాటి ఉత్తరంగా పోతే విజయనగరం జిల్లా పూసపాటిరేగ మండలంలో చింతపల్లి అనే సముద్రపు ఊరుంది. అక్కడి దీపాన్ని ఓడవాళ్ళు శాంతపిల్లి లైట్ హౌసంటారు. 1847 నాటి దీపం. అక్కడే ఎందుకు పెట్టారంటే, ఒడ్డుకు కొంతదూరంలో నీళ్ళకింద రాళ్ళున్నాయి. పైకి కనబడవు. వాటికి తగిలి ఓడలు పగిలేవి.

నాన్న కింద ఒక చెట్టునీడన కూర్చుని మంచినీళ్ళు తాగుతూ, "రాళ్ళనే తీసేస్తే అయిపోవు కద?" అన్నాడు.

తీసెయ్యలేరు. దీపం పని రాళ్ళను తియ్యటం కాదు, అక్కడ రాళ్ళున్నాయని చెప్పటం. మలుపుకోవటం ఓడ నడిపేవాడి పని.

అక్కడినుంచి విజయనగరం వస్తున్నంతసేపూ నా బుర్రలో ఈ మాటే తిరిగింది. ఎందుకంటే మేం వెళుతున్నది గురజాడ అప్పారావుగారి ఇంటికి. శాంతపిల్లి దీపం వెలిగిన 15 ఏళ్ళకు, 1862లో పుట్టాడాయన. అభం శుభం తెలియని పసిపిల్లల్ని డబ్బు తీసుకుని ముసలివాళ్ళకు కట్టబెడుతున్న రోజుల్లో, ఆ రాయి ఎక్కడుందో అందరికీ కనబడేలా "కన్యాశుల్కం" రాశాడు. 1892లో మొదటిసారి ప్రదర్శించారు. నవ్వించి నవ్వించి చెప్పాడు గనకనే జనం విన్నారు.

ఆయన ఇల్లు విజయనగరం కోటకు దగ్గర్లో ఉంది. ఇప్పుడది స్మారక భవనం, గ్రంథాలయం. గోడలమీద ఫొటోలు, అలమరల్లో పుస్తకాలు. మేం వెళ్ళేసరికి పేపరు చదువుకుంటూ ఇద్దరు ముగ్గురున్నారు.

"గిరీశం ఇల్లా ఇది?" అన్నాడు నాన్న.

"గిరీశాన్ని పుట్టించినాయన ఇల్లు."

నాన్నకు గిరీశమంటే ఎన్టీరామారావే, మధురవాణంటే సావిత్రే. 1955లో పి. పుల్లయ్యగారు తీసిన చిత్రం. మా పక్క ఊళ్ళ జాతరల్లో పాత ప్రింటు తెచ్చి ఆడించారట.

"పేరు గుర్తుందిరా నాకు. గురజాడ అని టైటిల్సుల పడ్తది" అన్నాడు. "టైటిల్సు పడేటప్పుడు జనం జాగ కోసం కొట్లాడుకుంటుంటరు. పేర్లెవ్వరు సదువుతరు? నేనొక్కన్నే సదువుతుంటి. ఫోకస్ సరిచెయ్యాలంటే అక్షరాలు సూడాలె కద."

పాఠకులారా, సినిమా పత్రికలో కాలమ్ రాసి బతికే నాకు ఆ మాటతో తల వంగింది. ఏ చిత్రానికైనా నేను టైటిల్సు అయ్యాకే లోపలికి వెళుతుంటాను.

పాట నేర్పిన ఊరు

విజయనగరం వెళ్ళి మహారాజావారి సంగీత కళాశాల చూడకపోతే పాపం తగులుతుంది. 1919లో మొదలైంది. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాలు. వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడుగారు అక్కడే అధ్యాపకుడై, తరువాత ప్రిన్సిపాలయ్యారు. మన సుశీలమ్మ చదివిందిక్కడే. ఘంటసాల చదివిందిక్కడే. చేతి ఉంగరం అమ్ముకుని కుర్రాడు ఘంటసాల ఈ ఊరొచ్చాడు. ఇల్లిల్లూ తిరిగి మధూకరం ఎత్తుకుని తింటూ సంగీతం నేర్చుకున్నాడు. పట్రాయని సీతారామశాస్త్రిగారు తన ఇంట్లో చోటిచ్చి పాట నేర్పారు. 1974లో ఘంటసాల పోయేనాటికి ఆ గొంతు వినని తెలుగు ఇల్లు లేదు. ఆ శాస్త్రిగారి పేరు మాత్రం మనలో ఎందరికి తెలుసు?

ఇక ఈ కళాశాల ఎలా పుట్టిందో విన్నారా? మహారాజు విజయరామ గజపతి కొలువులో ఉన్న చాగంటి జోగారావుగారి కొడుకు అంధుడు. ఆ పిల్లవాడికి సంగీతం నేర్పించాలనుకున్నారు. ఒక్క పిల్లవాడికే ఎందుకు, అందరికీ నేర్పే బడే పెడదామన్నారట రాజావారు.

నేనిది చెబుతుంటే నాన్న ఏమీ అనలేదు. కళాశాల అరుగు మీద కూర్చుని, జేబులోంచి మందు సీసా తీసి, తల వెనక్కి వాల్చి, ఎడమకంట్లో చుక్క వేసుకున్నాడు. లోపలెవరో పిల్లలు సరళీ స్వరాలు పాడుతున్నారు. చుక్క కంట్లో ఇంకేదాకా కళ్ళు మూసుకుని విన్నాడు.

27 ఏళ్ళ చిత్రకారుడు

తిరుగు ప్రయాణంలో రాజమండ్రిలో దిగాం. నా కోరికమీద. దామెర్ల రామారావు బొమ్మలు చూడాలని.

రామారావు 1897లో పుట్టాడు. రాజమండ్రి కాలేజీ ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే దొర ఆ కుర్రాడి చేతిలో ఏముందో కనిపెట్టి ప్రోత్సహించాడు. బొంబాయి జె.జె. స్కూలులో చదివి, తిరిగొచ్చి, సొంత ఊళ్ళోనే చిత్రకళాశాల పెట్టాడు. 1925 ఫిబ్రవరిలో మశూచికం వచ్చి చనిపోయాడు. 28 ఏళ్ళు నిండనేలేదు.

వందేళ్ళయింది. అయినా ఆయన బొమ్మలు ఇవాళ మనం చూడగలుగుతున్నాం. "సిద్ధార్థ రాగోదయం" చూడగలుగుతున్నాం. ఎలాగంటారా? భార్య సత్యవాణిగారు, చెల్లెలు బుచ్చికృష్ణమ్మగారు, స్నేహితుడు వరదా వెంకటరత్నంగారు ఆ బొమ్మల్ని చెదిరిపోనివ్వలేదు. బడిని మూతపడనివ్వలేదు. అందుకే ఆయన పేర ఒక ఆర్టు గ్యాలరీ ఉంది.

ఇదే రాజమండ్రిలో 1936లో దుర్గా సినీటోన్ అని స్టూడియో పెట్టారు. తెలుగుగడ్డ మీద మొదటి స్టూడియో. ఇవాళ లేదు. రఘుపతి వెంకయ్యగారు, ఆయన కొడుకు ప్రకాష్ కలిసి 1921లో తీసిన "భీష్మ ప్రతిజ్ఞ" ప్రింటు లేదు. ఆనాటి నైట్రేటు ఫిల్ము అగ్గిపుల్ల తగిలితే భగ్గుమనేది. కాలనిదాన్ని వెండికోసం కరిగించారు. మద్రాసు వడపళనిలో మన విజయా వాహినీ స్టూడియోలుండిన చోట ఇప్పుడు ఆస్పత్రీ, షాపింగ్ మాలూ ఉన్నాయి. 27 ఏళ్ళు బతికిన చిత్రకారుడి బొమ్మలు నూరేళ్ళు నిలిచాయి. కోట్లమంది చూసిన చలనచిత్రాలు నిలవలేదు. తేడా ప్రతిభలో లేదు. వెనక ఒక సత్యవాణి, ఒక వెంకటరత్నం ఉన్నారా లేదా అన్నదే తేడా.

లైట్ హౌసును ఒకసారి కట్టేస్తే సరిపోదు. రోజూ సాయంత్రం ఎవరో వెళ్ళి తెరలు ఎత్తాలి, గాజు తుడవాలి, బల్బు చూడాలి. కళాకారుడి ఇల్లూ అంతే.

రెండు షట్టర్ల కథ

ఇప్పుడు ఆ గుచ్చుకున్న మాట సంగతి.

మా ఇల్లు పాత గూనపెంకుల ఇల్లు. రోడ్డువైపు ఒక గది ఉంది. అందులో నాన్న సామాను. కార్బన్ కడ్డీల రేకు డబ్బా, ఫిల్ము అతికించే చిన్న మిషను, రిజర్వాయరు మట్టి పట్టిన లాంతరు, ప్రకటనల గాజు స్లయిడ్లు, ఒక గోనెసంచినిండా పాటల పుస్తకాలు, ఆ పాత లెన్సు. మండలమయ్యాక రోడ్డుమీది జాగాకు గిరాకీ వచ్చింది. ఆ గది కూల్చి రెండు షట్టర్లు వేస్తే కిరాయి వస్తుందని మా అన్న లెక్క చెప్పాడు. అన్నకు ఇద్దరు ఆడపిల్లలు, అప్పులున్నాయి. ఆయన లెక్కలో తప్పులేదు. నేను సరేనన్నాను. సామాను పాత ఇనుపవాడికి వేసేద్దామన్నది కూడా నేనే. ఊరూరా తిరిగి ఎవరెవరి ఇళ్ళో వెతికి, వాటిని నిలబెట్టలేదని పత్రికల్లో వాపోయే నేనే!

ఇదంతా నాన్నకు తెలుసు. ఏమీ అనలేదు. ప్రయాణంలోనూ అనలేదు. ఆబిడ్స్ గేటు దగ్గర "ఎన్ని పైసలొస్తుండె" అన్నప్పుడు నాకు గుర్తొచ్చింది మా గదే.

రాజమండ్రి నుంచి తిరుగు రైల్లో ఆయన పక్కన కూర్చుని, "గది కూల్చొద్దంటావా?" అని అడిగాను. కిటికీలోంచి చూస్తూ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "నేనేం హీరోనా, గురజాడనా?" అన్నాడు. "పిల్లల పెండ్లిళ్ళున్నయి. పెద్దోని లెక్క పెద్దోనిది. ఆ లెన్స్ ఒక్కటి ఇనుపోనికి ఇయ్యకురి."

ఇంటికొచ్చి అన్నతో కూర్చున్నాను. మాటా మాటా పెరిగింది. "నీకేం, నువ్వు పట్నంల ఉంటవు" అన్నాడు. నిజమే. చివరికి తేలిందేమిటంటే, గదిని ముందుసగం కూల్చారు. రెండు షట్టర్లకు బదులు ఒకటే వేశారు. వెనకసగం నాన్న సామానుకు ఉంచారు. రెండో షట్టరు కిరాయి ఎంత వచ్చేదో అంతా నెలనెలా నేను అన్నకివ్వాలి. పత్రికలు ఎప్పుడిస్తాయో ఎంతిస్తాయో తెలియని నాబోటి వాడికి అది చిన్న మొత్తమేమీ కాదు. ఇప్పటికి రెండు నెలలు బాకీ పడ్డాను కూడా. అన్న అడగటంలేదుగానీ మొహం అడుగుతోంది.

ఆ సగం గదిలో సాయంత్రాలు ఏం జరుగుతుందో చెప్పనా? ట్యూషనుకు పోయే పిల్లలు వచ్చి కూర్చుంటారు. నాన్న అట్టపెట్టెకు బెజ్జం చేసి లెన్సు బిగించాడు. వెనక టార్చిలైటు. మధ్యలో ఫిల్ము ముక్క. సున్నం వేసిన గోడమీద బొమ్మ పడుతుంది. కదలదు. కదలకపోయినా పిల్లలు కేకలేస్తారు. ఎడమకన్ను చిట్లించి, అక్షరాలు దొరికిన ముక్క పెట్టుకుని నాన్న ఫోకస్ సరిచేస్తాడు. "సదువుండ్రి" అంటాడు. పిల్లలు కూడబలుక్కుని చదువుతారు. ఛాయాగ్రహణం ఫలానా. శబ్దగ్రహణం ఫలానా.

మిత్రులారా, మీ హీరో కటౌటుకు దండ వెయ్యొద్దని నేను చెప్పను. వెయ్యండి, పాలు పొయ్యటం మాత్రం మానెయ్యండి. పాలు పిల్లలు తాగేవి. మీ ఊళ్ళో హార్మోనియం వాయించినాయన ఎవరు? వీధినాటకంలో వేషం కట్టిన ముసలాయన ఇల్లు ఏది? మీ టాకీసులో మిషను ఆడించిందెవరు? ఒక్కసారి అడిగి చూడండి. వాళ్ళలో ఎవరింట్లోనో ఒక గోనెసంచి ఉంటుంది. పాత ఇనుపవాడికంటే ముందు మీరు వెళ్ళండి.

ఈసారి సినిమాకు పది నిమిషాలు ముందు వెళ్ళి కూర్చోండి. టైటిల్సు పడేటప్పుడు చదవండి. నేనూ చదువుతున్నాను.

వచ్చే వారం మళ్ళీ మన మామూలు కబుర్లే. అలిగిన హీరోయిన్ సంగతి అప్పుడు చెబుతాను!